పాండిచ్చేరిలో తిండి: ఏ పూట కాలువకు ఏ పక్క

పాండిచ్చేరి పాత ఊరిని ఒక కాలువ ఉత్తరం నుంచి దక్షిణానికి రెండుగా చీలుస్తుంది. కాలువకు తూర్పున సముద్రం దాకా ఉన్న కొద్దిపాటి వీధులు వైట్ టౌన్. పసుపు గోడలు, కాగితంపూల తీగలు, ఫ్రెంచి పేర్ల హోటళ్లు అన్నీ అక్కడే. పడమటి పక్క తమిళ పేట. మార్కెట్టు, టిఫిన్ హోటళ్లు, మెస్సులు, బిర్యానీ కొట్లు ఇటువైపు. ఈ ఊళ్లో తిండి కుదరాలంటే ఒక్క లెక్క గుర్తుంటే చాలు. టిఫినుకి, మధ్యాహ్నం భోజనానికి పడమటి పక్క. రాత్రి భోజనానికి తూర్పు పక్క, అదీ ఒక్క పూట లేదా రెండు పూటలు. చాలామంది దీన్ని తిరగేస్తారు. బీచికి దగ్గరగా గది తీసుకుని మూడు పూటలా వైట్ టౌన్‌లోనే కూర్చుంటారు. ఇడ్లీకి మూడింతలు డబ్బిచ్చి, మధ్యాహ్నం రెండున్నరకి ఆరిపోయిన పాస్తా తిని, శనివారం రాత్రి ఎనిమిదింటికి ఖాళీ బల్ల కోసం నాలుగు వీధులు తిరిగి, "ఊరు బాగుంది కానీ తిండే లేదు" అంటూ ఇంటికొస్తారు.

ఆటోవాళ్లకి పాత పేర్లే చెప్పండి. మ్యాపులో లాల్ బహదూర్ శాస్త్రి స్ట్రీట్ అని కనిపించేది ఊళ్లో అందరికీ బుస్సీ స్ట్రీట్. బొబ్బిలి యుద్ధంలో మనకు తగిలిన ఫ్రెంచి సేనాని బుస్సీ పేరే అది. కెథెడ్రల్ స్ట్రీట్ అంటే మిషన్ స్ట్రీట్. సముద్రం నుంచి లోపలికి వస్తూ ఉంటే బీచ్ రోడ్డు, డ్యూమా స్ట్రీట్, రోమా రోలా స్ట్రీట్, సుఫ్రేన్ స్ట్రీట్, తర్వాత కాలువ. ఇదంతా పది నిమిషాల నడక. బీచ్ రోడ్డు మీదికి సాయంత్రం 6 నుంచి మర్నాడు పొద్దున 7:30 దాకా బళ్లు రానివ్వరు. వెంట పెద్దవాళ్లుంటే ఆటోని డ్యూమా స్ట్రీట్‌లోనే ఆపించుకుని అడ్డవీధిలో నడిపించండి.

పొద్దున

టిఫిన్ హోటళ్లు ఆరున్నర, ఏడు మధ్య తెరుస్తారు. "సైవం" అని రాసి ఉంటే శాకాహారం, "అసైవం" అంటే మాంసాహారం. అక్షరాలు చదవడం రాకపోయినా సర్వర్‌ని "సైవమా?" అని అడిగితే తేలిపోతుంది. మిషన్ స్ట్రీట్‌లో ఉన్న సర్‌గురు లాంటి పెద్ద శాకాహార హోటళ్లలో కుటుంబంతో కూర్చోవడానికి ఇబ్బంది ఉండదు. తలకి నూరు నుంచి నూటయాభై రూపాయల్లో కడుపు నిండుతుంది.

ముందుగా తినాల్సింది వెన్ పొంగల్, వడ. పొంగల్ ఒక్క గిన్నె వండి పెట్టేదే తప్ప మళ్లీ మళ్లీ చేసేది కాదు. తొమ్మిదిన్నర దాటాక అడుగుకి వచ్చిన గట్టి ముద్ద దొరుకుతుంది, లేదంటే వేడినీళ్లు పోసి జారుగా చేసింది. దోశలకి ఆ బాధ లేదు. రవ్వ దోశ మాత్రం పది, పదిహేను నిమిషాలు పడుతుంది, బస్సుకి టైమైతే చెప్పొద్దు. మనకు అలవాటైన అల్లం పచ్చడి ఇక్కడ దాదాపు దొరకదు. కొబ్బరి, టమాటా, కొత్తిమీర చట్నీలు, సాంబారు, అంతే. కారం కోరుకునేవాళ్లు పొడి దోశ చెప్పుకుని నెయ్యి అడగాలి, నూనె దోశలో పొడి మాడిన వాసన వస్తుంది. పెసరట్టు కోసం వెతకడం వృథా. దానికి బదులు ఆప్పం, కొబ్బరిపాలు కనబడితే వదలకండి. ఆప్పం అంచు కరకరలాడుతూ నడిమి మెత్తగా ఉండాలి. మొత్తం మెత్తగా ఉందంటే అది పేర్చిపెట్టిన దొంతరలోంచి తీసింది.

కాఫీకి తీపి ఎక్కువ వేస్తారు. "సక్కరై కమ్మి" అంటే చక్కెర తగ్గిస్తారు, "స్ట్రాంగ్" అంటే డికాక్షన్ పెంచుతారు. నెహ్రూ స్ట్రీట్‌లోని ఇండియన్ కాఫీ హౌస్ కార్మికుల సహకార సంఘానిది. అక్కడ కాఫీ, ఆమ్లెట్, టోస్టు వరకే పెట్టుకుంటే మంచిది. బీచ్ రోడ్డు మీద సముద్రానికి ఆనుకుని ఉన్న లె కఫే ప్రభుత్వ పర్యాటక సంస్థది. దాని విలువ కిటికీదే తప్ప వంటది కాదు. సూర్యోదయానికి అక్కడ ఒక కాఫీ తాగి, టిఫినుకి కాలువ దాటి రండి.

బేకరీలకు కూడా పొద్దునే వెళ్లాలి. బుస్సీ స్ట్రీట్‌లోని బేకర్ స్ట్రీట్ ఊరి నడిబొడ్డున ఉంది కాబట్టి అందరికీ అందుతుంది. ఊరి బయట ఆరోవిల్ అనే అంతర్జాతీయ టౌన్‌షిప్ పక్కన, కుయిలపాళయంలో ఆరోవిల్ బేకరీ ఉంది. క్రోసాన్ అనే ఫ్రెంచి రొట్టె పొరల్లో ఉండేది వెన్న. పాండిచ్చేరి ఉక్కలో రెండు మూడు గంటల్లో దాని పైపొర మెత్తబడి రొట్టెలా సాగుతుంది. అందుకే సాయంత్రం ఐదింటికి క్రోసాన్ తిని "ఇదా ఫ్రెంచి బేకరీ" అనడం అన్యాయం. అద్దాల బీరువాలో ముదురు గోధుమరంగులో ఉన్నదాన్ని చూపించండి, లేతరంగుది లోపల పిండిగా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే చూసినదానికన్నా తేలిగ్గా అనిపించాలి. వేడి చేస్తామంటే ఓవెన్‌లోనా అని అడగండి. మైక్రోవేవ్‌లో పెడితే తీసిన నిమిషానికి మెత్తగా, ఐదో నిమిషానికి రబ్బరులా అవుతుంది. గుడ్డు తిననివాళ్లు బ్రెడ్డులు తప్ప మిగతావన్నీ అడిగే కొనాలి. కేకులు, కిష్ అనే ఉప్పటి గుడ్డు పై, క్రోసాన్ పైపూత, దాదాపు అన్నిట్లో గుడ్డు ఉంటుంది.

మధ్యాహ్నం మీల్స్

పన్నెండుకి మొదలై మూడింటికి ముగుస్తుంది. ఒంటిగంట లోపు కూర్చోవడం మంచిది. రెండు దాటితే కూరలు అయిపోయి సాంబారు పలచబడుతుంది.

తమిళ మీల్స్‌లో వరస వేరు. అన్నంలోకి మొదట సాంబారు, తర్వాత వత్తకుళంబు లేదా కారకుళంబు, ఆపైన రసం, చివర మజ్జిగ లేదా పెరుగు. పక్కన పొరియల్ అనే వేపుడు, కూట్టు అనే పప్పుకూర, అప్పడం, పాయసం. ముద్దపప్పు, ఆవకాయ, గట్టి పెరుగుతో భోజనం చేసే చేతికి ఇది మొదట వెలితిగా ఉంటుంది. సర్దుబాటు సులువే. "పరుప్పుపొడి, నెయ్", అంటే కందిపొడి, నెయ్యి అడగండి, చాలా హోటళ్లలో ఉంటాయి. మొదటి ముద్దలు దాంతో కానిచ్చి కుళంబుకి వెళ్లండి. మన పులుసు స్థానం వత్తకుళంబుది. నువ్వులనూనె, చింతపండు, సుండక్కాయలనే చిన్న చేదుకాయలతో చిక్కగా ఉంటుంది, రెండు గరిటెలు చాలు. సాంబారులా అన్నం నిండా పోయించుకుంటే ఉప్పూ పులుపూ మోయలేరు. పెరుగు విడిగా "తయిర్" అని కప్పు చెప్పుకోవాలి, మీల్స్‌లో వచ్చేది ఎక్కువగా "మోర్", అంటే మజ్జిగ.

అసలు ఇబ్బంది అన్నంతో వస్తుంది. మెస్సుల్లో చాలాచోట్ల ఉప్పుడు బియ్యం వండుతారు. గింజ లావుగా, కాస్త గట్టిగా, ఒక రకం వాసనతో ఉంటుంది. అలవాటు లేనివాళ్లకి, ముఖ్యంగా పిల్లలకి, అదే తిండి మీద విసుగు పుట్టిస్తుంది. కూర్చునే ముందే "పచ్చరిసి సాదమా?" అని అడగండి. పచ్చరిసి అంటే మన పచ్చిబియ్యం. పెద్ద శాకాహార హోటళ్లలో ఉంటుంది, చిన్న మెస్సుల్లో ఉండకపోవచ్చు. చేపల కుళంబు మీద మనసున్నవాళ్లు మాత్రం ఉప్పుడు బియ్యాన్నే ఎంచుకోండి. అది పులుసు పీల్చి ముద్ద కాదు, విడివిడిగా నిలుస్తుంది.

శ్రీ అరవింద ఆశ్రమం భోజనశాలలో కారం, మసాలా లేని సాదా శాకాహారం పెడతారు. నేరుగా వెళ్లి కూర్చునే హోటలు కాదది, ముందే పాసు తీసుకోవాలి. ఆశ్రమం అతిథి గృహాల్లో దిగినవాళ్లకి అక్కడే చెబుతారు. కడుపు బాగోలేని రోజు ఇంతకన్నా మంచి చోటు ఊళ్లో లేదు.

చేపలు: వెళ్లే నెల చూసుకుని

ఇది అన్నిటికన్నా ముఖ్యం, ఎవరూ చెప్పనిది కూడా ఇదే. తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం. మన కోస్తాకీ, యానానికీ, పాండిచ్చేరికీ అదే లెక్క. ఆ రోజుల్లో తేంగాయ్‌తిట్టు హార్బరులో పెద్ద పడవలు కట్టేసి ఉంటాయి. చిన్న నాటుపడవలవాళ్లు తెచ్చే కొద్దిపాటి చేప మాత్రమే తాజాది. హోటళ్లలో కనిపించే వంజరం ముక్క ఎక్కువగా పడమటి తీరం నుంచి మంచులో వచ్చినదో, నిల్వ ఉంచినదో. జూన్ 1 నుంచి పడమటి తీరంలోనూ నిషేధం మొదలవుతుంది, అది జూలై 31 దాకా. అంటే జూన్ మొదటి రెండు వారాలు రెండు తీరాలూ మూతే. వేసవి సెలవుల చివర్లో చేపల కోసమని పాండిచ్చేరి ప్రయాణం పెట్టుకునేవాళ్లకి సరిగ్గా ఆ రెండు వారాలే దొరుకుతాయి! అప్పుడు నెత్తళ్ల లాంటి ఒడ్డు చేపలూ చెరువు రొయ్యలూ అడగండి, ఖరీదైన పెద్ద చేప జోలికి వెళ్లొద్దు. జూన్ చివరి నుంచి మళ్లీ మంచి రోజులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. వాయుగుండం పట్టినప్పుడల్లా నాలుగైదు రోజులు పడవలు కదలవు, తర్వాతి రెండు రోజులూ హోటల్లో ఉన్నది పాత సరుకే.

పేర్లు తెలిస్తే సగం పని అయినట్టే. వంజరం మనకూ వంజరమే. వవ్వాల్ అంటే చందువ. కొడువా అంటే పండుగప్ప. నెత్తిలి అంటే నెత్తళ్లు, ఇరాల్ అంటే రొయ్య, నండు అంటే పీత, కణవా అంటే కండవాయి (స్క్విడ్) రకం, మెత్తగా ఉంగరాల్లా కోసి వేపుతారు. సురా పుట్టు మన సొరపిట్టే, వెల్లుల్లి మాత్రం ఎక్కువ. కరువాడు అంటే ఎండుచేప. వరువల్ అంటే వేపుడు, తొక్కు అంటే ముద్దగా దగ్గరపడ్డ మసాలా, కుళంబు అంటే పులుసు.

చేపల్ని పళ్లెంలో చూపించి వండిపెట్టే హోటలైతే ఈ వరసలో వెళ్లండి.

1. ధర వంద గ్రాములకా, ముక్కకా, చేపకా అని ముందే అడగండి. మెనూలో "ఏ.పి.ఎస్." అని ఉంటే సైజుని బట్టి రేటు అని అర్థం. బిల్లు దగ్గర గొడవలన్నీ ఈ మూడు అక్షరాల వల్లే.

2. తూకం శుభ్రం చేయకముందా, చేశాకా? దాదాపు అంతటా ముందే. తల, పొట్ట, పొలుసు పోగా పెద్ద చేపలో మూడో వంతు తగ్గుతుంది. పీతలో చేతికొచ్చే మాంసమే మూడో వంతు. నలుగురికి కిలో పీతలు చాలవు.

3. కళ్లు ఉబ్బెత్తుగా, నల్లగా మెరవాలి. మొప్పలు ఎత్తి చూపించమనండి, ఎర్రగా ఉండాలి, ఇటుకరంగు పడితే వద్దు. వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. మసాలా పట్టించి పెట్టిన చేపకి ఈ పరీక్షలేవీ చేయలేం. అందుకే మసాలా లేనిదాన్ని చూపించమని అడిగి, దాన్నే వండమనండి.

4. వంజరం ముక్క అర అంగుళం మందం ఉంటే చాలు. అంగుళం కోస్తే పెనం మీద పైన మాడి ముల్లు దగ్గర పచ్చిగా ఉంటుంది. మరీ పలచనైతే ఎండి చెక్కముక్క అవుతుంది.

5. ఎంత కారమో చెప్పండి. ఇక్కడి వేపుడు మసాలా రంగు చూడ్డానికి గుంటూరు కారంలా ఉన్నా ఘాటు తక్కువే. మిరియం, సోంపు ముందుకొస్తాయి. ఎరుపు చేతికి అంటి కడిగినా పోకపోతే అది రంగు.

సాయంత్రం బీచ్ రోడ్డు మీద సుండల్, మామిడికాయ ముక్కలు, బజ్జీలు దొరుకుతాయి. సుండల్ అంటే ఉడికించిన శనగలకి కొబ్బరి, మామిడి కలిపిన తాళింపు. వేడిగా ఉన్నదే కొనండి. అదే రోడ్డులో జీఎంటీ అనే జెలాటో కొట్టు ఉంది. పిల్లలుంటే ఎలాగూ తప్పదు.

బిర్యానీ, పరోటా

హైదరాబాదు బిర్యానీ మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశే. ఇక్కడ జీరగ సాంబ బియ్యంతో చేస్తారు. గింజ చిన్నది, వాసన గట్టిది. మసాలా అన్నమంతా ఒకే రంగులో పట్టి ఉంటుంది, తెల్ల అన్నం పొరలు కనిపించవు. పక్కన మిర్చీ కా సాలన్ ఉండదు, పులుపు వంకాయ కూర, ఉల్లి పెరుగుపచ్చడి వస్తాయి. ఆ వంకాయ కూరని కలుపుకుని తినాలి తప్ప పక్కన పెట్టకూడదు. మార్కెట్టుకి దక్షిణంగా ముల్లా స్ట్రీట్, ఖాజీ స్ట్రీట్ ఉన్న ముస్లిం పేటలోనూ, ఊరికి ఉత్తరాన కోట్టకుప్పంలోనూ మంచి కొట్లున్నాయి. ఒక్క దేగిసా అయిపోతే మళ్లీ వండరు. రెండింటి లోపు వెళ్లండి.

పరోటా రాత్రి తిండి. ఆరున్నర ఏడింటికి పెనం వేడెక్కాక, కాల్చిన నాలుగైదు పరోటాలని రెండు చేతులతో కొట్టి పొరలు విడదీసినప్పుడే తినాలి. మైదా చల్లారితే తోలు అవుతుంది. మధ్యాహ్నం పరోటా బాగోకపోవడానికి కారణం ఇదే, కొట్టువాడి తప్పేమీ లేదు. సల్నా, అంటే పలచని మసాలా పులుసు, అడిగినంత పోస్తారు. కొత్తు పరోటా మిగిలిన పరోటాలని గుడ్డుతో ముక్కలుగా కొట్టి చేసేదే కాబట్టి దానికి తాజాదనం పట్టింపు లేదు, గుడ్డు పచ్చిగా ఉండకుండా బాగా వేయించమని చెబితే చాలు.

రాత్రి వైట్ టౌన్

ఫ్రెంచి రెస్టారెంట్లలో వంటగది మధ్యాహ్నం 12 నుంచి 3, రాత్రి 7 నుంచి 10 దాకా. మధ్యలో కాఫీ, కేకులే. శుక్ర, శని రాత్రులు చెన్నై, బెంగళూరు జనంతో నిండిపోతాయి. జూలై 14 ఫ్రెంచి జాతీయ దినం, ఆగస్టు 15 అరవిందుల జయంతి, డిసెంబరు ఆఖరి వారం ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో ముందురోజే ఫోను చేసి బల్ల చెప్పుకోవాలి, లేదంటే ఏడింటికే వెళ్లి కూర్చోవాలి. సోమ, బుధవారాల్లో వెళ్లగలిగితే అదే హోటలు, అదే వంటవాడు, రెండింతలు మంచి భోజనం.

సుఫ్రేన్ స్ట్రీట్‌లో విల్లా శాంతి, కఫే దేజార్, రోమా రోలా స్ట్రీట్‌లో కోరమాండల్ కఫే పేరున్నవి. మూడూ పాత ఇళ్లే. పెద్ద వంటకానికి 450 నుంచి 900 రూపాయల దాకా అనుకోండి. మండువాలో బల్ల కావాలని అందరూ అడుగుతారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అడగండి. మే నెల మధ్యాహ్నం అడగొద్దు, గాలి ఆడదు. వానాకాలంలో అడిగితే సగం భోజనంలో లేపేస్తారు. కాలువకి దగ్గర్లో ఉన్నచోట సాయంత్రం దోమలు ఎక్కువ, కాళ్లు కప్పే బట్టలేసుకోండి.

ఏం చెప్పుకోవాలి? మొదటిసారైతే ఇద్దరికి ఒక గాలెట్, ఒక పెద్ద వంటకం, ఒక తీపి సరిపోతాయి. గాలెట్ అంటే ఉప్పటి అట్టు. గోధుమ కాకుండా బక్‌వీట్ పిండితో చేసింది నల్లగా, పలచగా ఉంటుంది. క్రేప్ తీపిది. గాలెట్ వేడి మీద తప్ప బాగోదు, ఫొటోలకి కేటాయించే సమయం దానికి లేదు. మన నాలుకకి ఫ్రెంచి వంట చప్పగా అనిపించడం సహజం, కానీ అందుకని మిరపకారం అడిగి మీద చల్లుకుంటే వెన్న, మద్యం, థైమ్ ఆకు వాసన అన్నీ పోతాయి. చప్పదనం భరించలేరనుకుంటే సాస్ ఉన్న వంటకాలు వదిలేసి మిరియం పట్టించిన మాంసం కానీ, వెల్లుల్లి వెన్న వేసిన రొయ్యలు కానీ తీసుకోండి.

అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. స్టేక్ అంటే ఇక్కడ ఎక్కువగా ఎద్దుమాంసం. హామ్, బేకన్ అంటే పంది, ఇవి పిజ్జాలోనూ, గాలెట్‌లోనూ, కిష్‌లోనూ ఉంటాయి. కూరగాయల సూప్‌లో కోడి ఎముకల నీళ్లు వాడతారేమో అడగండి. కొక్ ఒ వాన్ లాంటి వంటకాలు వైన్‌లోనే ఉడుకుతాయి, కొన్ని తీపి వంటకాల్లో రమ్ ఉంటుంది. శాకాహారం కచ్చితంగా పాటించేవాళ్లు గట్టి జున్నుల్లో (చీజ్) కొన్నిటికి పాలు విరవడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారని తెలుసుకోవాలి. "వెజ్" అన్నంతమాత్రాన ఇవన్నీ తేలవు. సర్వర్‌ని ఒక్కో పదార్థం పేరు పెట్టి అడగండి.

వీటన్నిటికన్నా అరుదైనది క్రియోల్ వంట. ఫ్రెంచి, తమిళ ఇళ్లు రెండు వందల ఏళ్లకి పైగా ఒకే ఊళ్లో పక్కపక్కనే బతికితే పొయ్యి మీద మిగిలేది అది. విందాయ్ అంటే వినెగరు, వెల్లుల్లి దట్టించిన మాంసం. అసాద్ కూరలో కొబ్బరిపాలు, చివర్లో నిమ్మరసం. ఫ్రాన్సులోని మార్సెయ్ ఊరి చేపల సూప్ బుయ్యబేస్‌కి ఇక్కడ పసుపు, సోంపు చేరాయి. ఇవన్నిటికీ తాళింపు వాసన ఇచ్చేది వడగం. ఉల్లి, వెల్లుల్లి, మినప్పప్పు, ఆవాలు, మెంతులు కలిపి నూనె రాసి ఉండలుగా ఎండబెడతారు, మన వడియాల బంధువే. దాన్నే ఫ్రెంచివాళ్లు వడూవాన్ అని వాళ్ల దేశానికి తీసుకెళ్లారు. ఫ్రెంచి కొలువులో సైగాన్‌లో పనిచేసి వచ్చినవాళ్ల ఇళ్ల నుంచి వియత్నాం నెమ్ కూడా ఊళ్లోకి వచ్చింది. వేపిన ఆ చుట్టల్ని లెట్యూస్ ఆకు, పుదీనాలో చుట్టి పులుసులో ముంచి తింటారు. క్రియోల్ వంట ఇళ్లలో ఉన్నంతగా హోటళ్లలో లేదు. పెరుమాళ్ కోయిల్ స్ట్రీట్‌లోని మెజాన్ పెరుమాళ్ లాంటి పాత ఇంటి హోటళ్లలో దొరుకుతుంది, ఒకరోజు ముందే చెబితే మెనూలో లేనిది కూడా వండే అవకాశం ఉంది.

ఆరోవిల్ వైపు

ఊరికి ఉత్తరంగా 10, 12 కిలోమీటర్లు. ఆరోవిల్ ఉమ్మడి వంటశాల సోలార్ కిచెన్ కప్పు మీద 15 మీటర్ల వెడల్పున్న సౌర గిన్నె ఉంది, దాని ఆవిరితో వండుతారు. భోజనం కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి. చెప్పకుండా నేరుగా వెళ్తే పెట్టరు. సందర్శకుల కేంద్రం దగ్గరి కెఫెటేరియాకి ఆ నియమం లేదు. కుయిలపాళయంలో బ్రెడ్ అండ్ చాక్లెట్, మార్క్స్ కఫే ఉన్నాయి. మార్క్స్ కాఫీ గింజలు వేయించే చోటు, పాలు లేకుండా తాగేవాళ్లకి నచ్చుతుంది. ఆది, సోమవారాల్లో మూసేవి ఎక్కువ, ఫోను చేసి కదలండి. మొక్కల ఆహారమే తినేవాళ్లకి (వీగన్) ఊళ్లో కన్నా ఇక్కడ ఎంపిక ఎక్కువ, పదార్థాల పేర్లూ స్పష్టంగా రాస్తారు.

బిల్లు, మందు, మూటలు

మామూలు రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే హోటళ్ల లోపలి రెస్టారెంట్లలో 18 శాతం. మెనూ ధర ఒకటే అయినా బిల్లులో తేడా అందుకే వస్తుంది. సర్వీస్ చార్జి కట్టి తీరాలన్న నియమం లేదు, తీసేయమని అడిగే హక్కు మీకుంది. చిన్న మెస్సుల్లో కూడా యూపీఐ నడుస్తుంది. ఆరోవిల్‌లోని కొన్ని చోట్ల మాత్రం నోట్లు తీసుకోరు.

మద్యం తాగే వయసు పాండిచ్చేరిలో 18, తమిళనాడులో 21. సెరినిటీ బీచ్, ఆరోవిల్‌లో చాలా భాగం తమిళనాడు కిందికి వస్తాయి కాబట్టి పాండిచ్చేరి ధరలు, నియమాలు అక్కడ చెల్లవు. సీసాలు కారులో పెట్టుకుని చెన్నై వైపు వెళ్తే తనిఖీ కేంద్రాల్లో ఆపుతారు. ఏది తాగినా ఊళ్లోనే తాగి, బండి నడపనివాళ్ల చేతికి తాళం ఇవ్వండి.

ఇంటికి పట్టుకెళ్లేవాటిలో ఆరోవిల్ జున్ను (చీజ్), మేసన్ అండ్ కో చాక్లెట్టు, పుల్లపిండి రొట్టె (సార్‌డో) మంచివి. గట్టి జున్ను చెన్నై దాకా వచ్చి అక్కడ రాత్రి రైలెక్కినా తట్టుకుంటుంది. మెత్తటి మోజరెల్లా జున్ను తట్టుకోదు, చల్లసంచీ లేకపోతే కొనొద్దు. చాక్లెట్టుని సంచీ పైజేబులో కాకుండా బట్టల మధ్య పెట్టండి. కరిగి మళ్లీ గడ్డకట్టినదాని మీద తెల్లపూత కనిపిస్తుంది. అది బూజు కాదు, పైకి తేలిన కొవ్వు, పాలలో వేసి తాగేయొచ్చు. బగెట్ అనే పొడుగు ఫ్రెంచి రొట్టె మర్నాటికే గట్టిపడుతుంది. పుల్లపిండి రొట్టె రెండు మూడు రోజులుంటుంది. ప్లాస్టిక్ సంచీలో బిగిస్తే పైచెక్కు మెత్తబడి బూజు పడుతుంది, కాగితంలో చుట్టి పైన గుడ్డ కప్పండి. గట్టిపడిన రొట్టె మీద నీళ్లు చిలకరించి, మందపాటి పెనం మీద మూతపెట్టి సన్నసెగన ఐదు నిమిషాలు ఉంచి, చివరి నిమిషం మూత తీసేస్తే పైచెక్కు మళ్లీ కరకరలాడుతుంది. ఇది ఒక్కసారే పనిచేస్తుంది, రెండోసారి వేడి చేస్తే రాయి అవుతుంది. అందుకని ఆ పూటకి కావాల్సినన్ని ముక్కలే కోసి వేడి చేసుకోండి.